సైన్ అంటే జేబు

లెక్కల మాస్టరు నోటి నుంచి రాకూడని మాట ఒక్కటే ఉందని, అది "తెలియదు" అనే మాటేనని ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చాలా ఏళ్లు గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం ఖరీదు నేను కట్టలేదు. ఇంకొకరు కట్టారు.

మీలాంటి కుర్ర మాస్టర్లు అప్పుడప్పుడూ వచ్చి "మీ సర్వీసులో మరిచిపోలేని రోజేదో చెప్పండి సార్" అంటుంటారు. నూటికి నూరు మంది పాసైన సంవత్సరం గురించో, ఇంజనీరైన శిష్యుడి గురించో చెప్పి, టీ తాగించి పంపేవాణ్ణి. నిజానికి అవన్నీ మరిచిపోదగ్గవే. మరిచిపోవాలని చాలా ఏళ్లు ప్రయత్నించి, నా వల్ల కాక వదిలేసింది ఇంకొకటుంది. అది రాస్తున్నాను.

అప్పుడు నేను కోడుమూరు దగ్గర ఒక హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ణి. నాకు ముప్పై అయిదేళ్లు. తెలుగు మీడియం బడి. పిల్లల్లో సగం మంది పొద్దున చేన్లో ఇంత పని చేసి, కాళ్లకు మన్నుతోనే బడికొచ్చేవాళ్లు. త్రికోణమితి మొదలుపెట్టిన రోజు బోర్డు మీద లంబకోణ త్రిభుజం గీసి, ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైన్ అని రాయించాను. పిల్లలు మంత్రం చదివినట్టు చదివారు.

మూడో బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. సన్నగా, ఎప్పుడూ ముక్కు మీద సిరా మరకతో ఉండేది. వాళ్ల నానా, అంటే అమ్మ తండ్రి, బస్టాండు వెనక మిషను కుట్టే దర్జీ. ఆ అమ్మాయిని పెంచింది ఆయనే.

"సైన్ అంటే ఏంది సార్? కర్ణం అంటే తెలిసె, భుజం అంటే తెలిసె. దీని అర్థం ఏంది?"

నాకు తెలియదు. అంతకు ముందు పదేళ్లు అదే పాఠం చెప్పినా, ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. "సైన్ అంటే సంతకం. మనిషికొక సంతకం ఉన్నట్టే ప్రతి కోణానికీ ఒక సంతకం ఉంటుంది. అదే సైన్" అన్నాను. నోటికొచ్చింది అన్నాను గానీ, విన్నాక నాకే ముచ్చటేసింది. పిల్లలు "భలే ఉండాది సార్" అన్నారు.

ఆ అమ్మాయి కూర్చోలేదు. "సంతకానికి ఇంగ్లీషు స్పెల్లింగు వేరే ఉండాది గదా సార్?"

"అది పాతకాలం స్పెల్లింగు. కూర్చో."

ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో అబద్ధం ఎంత తేలిగ్గా దొరుకుతుందో ఆ రోజే తెలిసింది. అయినా నాకేమీ సిగ్గనిపించలేదు. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో సైన్స్ మాస్టరుకు ఆ సంతకం సంగతి చెప్పి, ఆయన చేత కూడా మెప్పు పొందాను.

మూడు రోజుల తర్వాత ఆ అమ్మాయి స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో గుడ్డతో చుట్టిన పాత పుస్తకం.

"మా నానా చిన్నప్పుడు హైదరాబాదులో ఉర్దూ మీడియంలో సదివినాడు సార్. ఇది ఆయప్ప లెక్కల పుస్తకం. దీంట్లో సైన్‌కు జైబ్ అని ఉండాది. జైబ్ అంటే జేబు అంట సార్. మిమ్మల్ని అడిగి రమ్మన్యాడు, ఎందుకట్ల పెట్టినారో."

అంగీకి ఉండే జేబు. లెక్కల్లో జేబేమిటి? నాకు నవ్వొచ్చింది. నవ్వు కన్నా ముందు కొంచెం చిరాకు కూడా వచ్చింది. సంతకం అని నేను చెప్పాక, ఇంటికి పోయి ఇంకొకరిని అడిగిందంటే నా మాట మీద నమ్మకం లేదనే కదా. పుస్తకం తెరవకుండానే "పరీక్షలున్నాయి, వాటి సంగతి చూసుకో" అని పంపేశాను.

అసలు రోజు ఆ తర్వాతి వారం వచ్చింది. పై అధికారి తనిఖీకి వస్తున్నాడని ముందే తెలిసి, హెడ్‌మాస్టరు గోడలకు సున్నం కొట్టించాడు. నా పద్ధతిలో నేను సిద్ధమయ్యాను. మొదటి బెంచీ అబ్బాయికి ఎప్పుడు లేవాలో, ఏం చెప్పాలో నేర్పాను. అధికారి వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాక, "సైన్ అంటే ఏమిటి?" అని అడిగాను. వాడు లేచి, "ప్రతి కోణానికీ ఉండే సంతకం సార్" అన్నాడు. అధికారి తల ఊపుతూ "భలే, భలే" అన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మూడో బెంచీ అమ్మాయి లేచి నిలబడింది.

"అది గాదు సార్. దాని అర్థం జేబు."

ఆ అమ్మాయి నన్ను ఎదిరించాలని లేవలేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ ముఖాన్ని గుర్తు చేసుకుంటే నాకు స్పష్టంగా కనిపిస్తుంది. నేను చెప్పలేకపోయింది ఈ పెద్దాయనైనా చెబుతాడేమోనన్న ఆశ, అంతే.

అధికారి పకపకా నవ్వాడు. "ఏ జేబమ్మా? చొక్కా జేబా, ప్యాంటు జేబా?"

క్లాసంతా నవ్వింది. నా పాఠం మీద వచ్చిన మెప్పు కళ్లముందే కరిగిపోతున్నట్టనిపించింది. దాన్ని పట్టుకోవాలి. "వాళ్ల తాత దర్జీ సార్" అన్నాను. "ఇంట్లో పొద్దస్తమానం జేబులే. ఈ అమ్మాయి దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండండి, జేబుదొంగ."

నవ్వులు రెండింతలయ్యాయి. అధికారి తన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని దాచుకుంటున్నట్టు నటించాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఆ అమ్మాయి ఏడవలేదు. కూర్చుని, జామెట్రీ బాక్సు మూత మెల్లగా వేసుకుంది.

మర్నాడు నేను క్లాసుకు వెళ్లేసరికి బోర్డు మీద పెద్ద జేబు బొమ్మ, కింద "జేబుదొంగ" అని రాసుంది. ఎవరు రాశారని నేను అడగలేదు. డస్టరుతో తుడిచి, చిన్నగా నవ్వి, పాఠం మొదలుపెట్టాను. మాస్టరు నవ్వాడంటే పిల్లలకు ఇంకేం కావాలి? ఆ రోజు నుంచి ఆమెకు అదే పేరు.

రెండు రోజులకు వాళ్ల నానా బడికి వచ్చాడు. తెల్ల టోపీ, మెడలో కొలతల టేపు అలాగే ఉంది. మిషను ముందు నుంచి లేచి నేరుగా వచ్చినట్టున్నాడు. స్టాఫ్‌రూములో ఖాళీ కుర్చీ ఉంది. కూర్చోమని నేను అనలేదు.

"సలాం సార్. పాప అబద్ధం చెప్పలేదు. కితాబులో ఉండేదే చెప్పినాది" అని పుస్తకం తెరిచి నా ముందు పెట్టి, సూదిపోట్లు పడిన వేలితో ఒక్కో అక్షరం చూపించాడు. "సూడండి. జీమ్, యే, బే. జేబుకు రాసేదీ ఇట్లనే, దీనికీ ఇట్లనే. ఎందుకో నాకూ తెలీదు సార్. మా మామ సదివిస్తాంటే సదివినా, ఆయప్ప పోయినంక ఆగిపోయినా. అప్పటాల నుంచి మనసులో ఉండిపోయినాది. మీరు పెద్ద సదువు సదివినోల్లు గదా, కనుక్కోని చెప్తారేమో అని పాపను పంపిస్తి."

అరవై ఏళ్లు దాటిన మనిషి, చిన్నప్పుడు మనసులో మిగిలిపోయిన ప్రశ్నను మనవరాలి చేతికిచ్చి నా దగ్గరికి పంపాడు. అది ఎంత పెద్ద గౌరవమో అప్పుడు నాకు తెలియలేదు.

"చూడు సాయిబూ, నాకు ఉర్దూ రాదు. గవర్నమెంటు సిలబస్‌లో లేనివి పిల్లలకు ఎక్కించొద్దు. మార్కులు పోతాయి" అన్నాను.

"పాపను లెక్కల టీచరు చేయాలని నాకు శానా ఆశ సార్. క్లాసులో పిల్లోల్లకు ఒక్క మాట చెప్పండి, ఆ పేరుతో పిలవొద్దని."

"పిల్లలన్నాక అలాగే ఉంటారు" అన్నాను.

ఆయన పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకుని, మళ్లీ సలాం పెట్టి వెళ్లిపోయాడు. ఆ సంవత్సరమంతా ఆ అమ్మాయి నా క్లాసులో మళ్లీ చెయ్యెత్తలేదు. పది పాసైంది, మార్కులు బాగానే వచ్చాయి. ఇంటర్లో చరిత్ర గ్రూపులో చేరిందని ఎవరో అన్నారు. నేను ఆరా తీయలేదు.

అయిదారేళ్లకు నాకు రాయచోటి వైపు బదిలీ అయింది. అక్కడ ఒక వేసవిలో లెక్కల మాస్టర్లకు శిక్షణ పెట్టారు. పాఠం చెప్పడానికి రిటైరైన ఒక కాలేజీ లెక్చరర్ వచ్చాడు. గొంతు పెద్దది కాదు, కళ్లద్దాలు తుడుచుకుంటూ మెల్లగా మాట్లాడేవాడు. బోర్డు మీద ఒక వృత్తం గీసి, అందులో ఒక గీత గీసి, "దీన్ని తెలుగులో ఏమంటారు?" అన్నాడు.

"జ్యా" అన్నాం అందరం.

"జ్యా అంటే?"

వింటినారి అని ఆయనే చెప్పాడు. వృత్తంలో ముక్క విల్లులా ఉంటుంది గనక దాన్ని చాపం అన్నారు, చాపం రెండు కొనల్నీ కలిపే గీత నారిలా ఉంటుంది గనక జ్యా అన్నారు. జీవ అని కూడా అనేవారు. మన పూర్వులు కోణాల లెక్కలకు అందులో సగాన్ని వాడుకున్నారు. ఆ లెక్కలు అరబ్బులకు చేరినప్పుడు వాళ్లు ఆ జీవ అన్న మాటను, తమ భాషలో వ లేదు గనక, జీబ అని తమ అక్షరాల్లో రాసుకున్నారు. వాళ్ల రాతలో అచ్చులు సాధారణంగా రాయరు. తర్వాతి తరాలవాళ్లు ఆ అక్షరాలను తమకు తెలిసిన మాటగా చదివారు. జైబ్. బట్టకు ఎద దగ్గర ఉండే మడత. మన జేబు కూడా ఆ మాట నుంచి వచ్చిందే. యూరప్ వాళ్లు ఆ పుస్తకాలను లాటిన్‌లోకి మార్చుకున్నప్పుడు మడతకు తమ మాట సైనస్ పెట్టారు. అదే సైన్ అయింది.

"జేబు అన్నమాట!" అని నా పక్కనున్న మాస్టరు ఆశ్చర్యపోయాడు. "ఏమప్పా, ఇన్నాళ్లూ మనకు తెలీకపాయనే."

ఆ తర్వాత ఆ లెక్చరర్ ఏం చెప్పాడో నాకు వినపడలేదు. జీమ్, యే, బే అంటూ ఒక్కో అక్షరం మీద కదిలిన సూదిపోట్ల వేలే కనపడింది. బస్సెక్కి ఇంటికి పోతూ ఒక ఉత్తరం మనసులో రాసుకున్నాను. "అయ్యా, మీ మనవరాలు చెప్పిందే నిజం, కారణం ఇదీ" అని. ఇంటికి పోయాక కాగితం మీద పెట్టలేదు. రేపు రాద్దామనుకున్నాను. ఆ రేపు చాలా ఏళ్లు సాగింది.

ఇంతవరకు చేసింది తెలివితక్కువతనం అని సరిపెట్టుకోవచ్చు. ఇకమీద చేసిందానికి ఆ సాకు కూడా లేదు.

ఆ సంగతిని నేను క్లాసులో చెప్పడం మొదలుపెట్టాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. తోటి మాస్టర్లు విన్నారు, పై వాళ్లకు చెప్పారు. కడపలో, కర్నూలులో శిక్షణలకు నన్ను పిలవసాగారు. మాటల పుట్టుక చెప్పే లెక్కల సారు అని పేరొచ్చింది. వట్టి చరిత్ర చెబితే రుచిగా ఉండదని కొంచెం కల్పన కలిపాను. "నా చిన్నప్పుడు మా పక్కింట్లో ఒక దర్జీ తాత ఉండేవాడు. నా కొత్త చొక్కాకు జేబు కుడుతూ, ఒరే, నీ లెక్కల్లో సైన్ కూడా ఇదేరా అన్నాడు" అని మొదలుపెట్టేవాణ్ణి. మా పక్కింట్లో ఏ దర్జీ లేడు. ఎన్నిసార్లు చెప్పానంటే, చివరికి ఆ చొక్కా రంగు కూడా నాకు గుర్తున్నట్టే ఉండేది.

రిటైరవడానికి కొన్ని నెలల ముందు కర్నూలులో ప్రాథమిక పాఠశాలల టీచర్లకు శిక్షణ జరిగింది. ఉదయం ఆ దర్జీ తాత కథ చెప్పాను. ఎప్పటిలాగే చప్పట్లు. టీ విరామంలో ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, తల మీద దుపట్టా, చేతిలో నోట్సు.

"సార్, ఆ దర్జీ తాత మీ పక్కింట్లో గాదు గదా ఉండేది. మా ఇంట్లో."

గుర్తుపట్టాను. ముక్కు మీద సిరా మరక లేదు, అంతే.

"నేనే సార్, జేబుదొంగను. ఉర్దూ మీడియం బడిలో ఒకటో తరగతికి చెప్తాండా" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"లెక్కలు తీసుకోలేదా అమ్మా?" అన్నాను. అంతకన్నా బుద్ధిలేని ప్రశ్న ఇంకోటి లేదు.

"లే సార్. లెక్కల క్లాసులో చెయ్యెత్తాలంటే భయమైతాండె." నోట్సు మూలను మడిచింది. "మా నానా పోయి ఆరేండ్లయినాది. పోకముందు మా చుట్టాలాయన ఒకడు కడపలో మీ మాటలు విని వచ్చి చెప్పినాడు, ఒక సారు జైబ్ గురించి చెప్తాండాడు, ఒక దర్జీ తాత చెప్పినాడంటాండాడు అని. జ్యా సంగతి అంతా చెప్పినాడు. నానా ఎంత సంబరపడినాడో! చూస్తివా, మీ సారు కనుక్కున్యాడు, నన్ను మర్చిపోలేదు, నాలుగూర్లలో నా మాట చెప్తాండాడు అని అందరికీ చెప్పుకున్యాడు. నేనూ నిజమే అనుకుంటి సార్. ఈ పొద్దు నా చెవులతో వింటి."

ఆ ముసలాయన నన్ను క్షమించి పోయాడు. నేను చెయ్యని పనికి.

విరామం తర్వాత మళ్లీ నా క్లాసే. ముందు వరసలో అధికారులున్నారు. నేను లేచి, పొద్దున చెప్పింది అబద్ధమని, పక్కింటి తాత లేడని, ఒక అమ్మాయి నిజం చెబితే నేను నవ్వులపాలు చేశానని, ఆ పేరు పెట్టింది నేనేనని అంతా చెప్పాను. ఆమె వైపు చూడకుండా చెప్పాను.

ముగించగానే చప్పట్లు మొదలయ్యాయి. పొద్దుటి కన్నా ఎక్కువగా, లేచి నిలబడి మరీ కొట్టారు. ఒక అధికారి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "ఎంత పెద్ద మనసు సార్ మీది!" అన్నాడు. సాయంత్రం అభిప్రాయాల కాగితాల్లో సగం మంది నా నిజాయితీ ఆదర్శమని రాశారు. ఆమె చప్పట్లు కొట్టలేదు. నోట్సులో ఏదో రాసుకుంటూ కూర్చుంది.

గేటు దగ్గర ఆమెను ఆపి, "చెప్పేశానమ్మా" అన్నాను. హోంవర్కు చూపించే పిల్లాడిలా ఉండి ఉంటాను.

"వింటి సార్. చప్పట్లు మీకే కొట్టిరి గదా" అంది. ఆటో ఎక్కబోతూ ఆగి, "నన్ను ఆ పేరుతో పిలిచింది వీళ్లు గాదు సార్" అని వెళ్లిపోయింది.

నిజమే. నేను ఒప్పుకోవలసిన చోటు అది కాదు.

రిటైరయ్యాక ఆ పదో తరగతి బ్యాచి వాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరి, జరిగిందంతా రాసి పెట్టాను. అయిదు నిమిషాల్లో నమస్కారాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరస కట్టాయి. "గ్రేట్ సార్" అని ఒకరు. చదివారో లేదో కూడా తెలియదు. ఇక లాభం లేదని నేనే బయల్దేరాను. కోడుమూరు చుట్టుపక్కల ఉన్నవాళ్ల ఇళ్లకూ అంగళ్లకూ ఒక్కొక్కరి దగ్గరికీ పోయాను. "ఆ రోజు ఆ అమ్మాయి చెప్పిందే నిజం. తప్పు చెప్పింది నేను" అని నిలబడి చెప్పాను. కొందరికి ఏమీ గుర్తు లేదు. కొందరు ఇంత దూరం దీనికోసమా అని వింతగా చూశారు. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఎదురైన ఒకామె మాత్రం తల దించుకుంది. ఆమె, ఆ అమ్మాయి ఒకే బెంచీలో కూర్చునేవాళ్లు. "నేను ఆ పేరుతో పిలవలేదు సార్. కానీ ఆ పొద్దు నేనూ నవ్వినా. నా పక్కనే ఉండె గదా, ఇనపడింటాది" అంది.

చివరగా ఎరువుల అంగడికి పోయాను. అంగడి నడిపేది అప్పటి మొదటి బెంచీ అబ్బాయే. కుర్చీ వేసి, షోడా తెప్పించి, నా మాట విని తెల్లబోయాడు.

"అయితే సంతకం గాదా సార్? మా పాప ఇంటర్లో ఎంపీసీ. దానికీ అదే చెప్పిపెడితి!"

ఆ పాపను పిలిపించి, ఎరువు మూటల మధ్య కూర్చోబెట్టి, జ్యా నుంచి సైన్ దాకా మొత్తం చెప్పాను. ఇది నీకంటే ముందు ఎవరికి తెలుసో కూడా చెప్పాను. వాళ్ల నాన్న అంతసేపూ గడ్డం గోక్కుంటూ ఉండి, "అది సరే గానీ సార్, జేబుదొంగ అసలు పేరేంది?" అన్నాడు.

ఏడాది పొడుగునా ఒకే గదిలో కూర్చున్నవాడు. నేను పేరు చెప్పాను. వాడు రెండుసార్లు పలికి చూసుకుని, "మంచి పేరే" అన్నాడు.

ఇది రాసేముందు ఆమెకు ఫోన్ చేసి, ఎవరెవరి దగ్గరికి పోయిందీ చెప్పాను. విని "సరే సార్" అంది. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ అనలేదు, అనాలని నేను ఎదురుచూడకూడదు కూడా. రాయనా అని అడిగితే రాయమంది. "మీ నానా పేరు, నీ పేరు వేస్తానమ్మా, ఈసారైనా" అన్నాను.

"వద్దు సార్" అంది. "మా పేర్లు ఏస్తే, చూడు ఎంత మంచి సారు అని మల్లా మీకే చప్పట్లు కొడతారు."

అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. నా పేరూ తీసేశాను.